డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రూమ్మేట్లతో వీకెండ్ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబర్‌లో కొత్త బ్యాచ్ దిగగానే ఒకసారి, పరీక్షలు అయిపోగానే ఇంకోసారి, ఇవే ప్రశ్నలు నా ఫోన్‌కు వస్తుంటాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదువుకున్న రోజుల్లో నేను చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కు ఐదుసార్లు వెళ్లాను, అందులో నాలుగుసార్లు రూమ్మేట్లతోనే. ఊరు ప్రతిసారీ బాగుంది. రూమ్మేట్లతో వెళ్లిన ట్రిప్ మాత్రం రెండుసార్లే బాగా జరిగింది. మిగతా రెండుసార్లు డబ్బు గురించి, నడక గురించి ముందే మాట్లాడుకోక ఒకరి మీద ఒకరం అలిగి తిరిగొచ్చాం. అందుకే ఇక్కడ చూడాల్సిన చోట్ల కంటే ముందే మాట్లాడుకోవాల్సిన విషయాలకు ఎక్కువ చోటిచ్చాను. ఎవరికి ఏది అవసరమో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వెళ్దామా అని అనుకుంటున్నప్పుడు

అక్కా, మొదటి ట్రిప్‌కే ప్రాగ్ ఎందుకు? పారిస్ వెళ్లకూడదా?

వెళ్లొచ్చు. కానీ డ్రెస్డెన్ నుంచి పారిస్ అంటే రాను పోను ప్రయాణమే దాదాపు ఒక రోజు మింగేస్తుంది. ప్రాగ్ బస్సులో సుమారు రెండు గంటలు, రైలులో రెండున్నర గంటల లోపు. శనివారం పొద్దున బయలుదేరితే పదింటికల్లా ఊళ్లో ఉంటాం, ఆదివారం రాత్రికి ఇంటికొచ్చి సోమవారం క్లాసుకు వెళ్లిపోవచ్చు. చూడాల్సినవి చాలావరకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంటాయి. కలిసి ప్రయాణం చేయడం అలవాటు లేని నలుగురికి మొదటిసారి చిన్న ట్రిప్ మంచిది.

నా దగ్గర జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది. చెక్ వీసా వేరే తీసుకోవాలా?

అక్కర్లేదు. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబర్ నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో ఉంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, గడువు తీరని స్టూడెంట్ వీసా (డి వీసా) ఉన్నా మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. కాకపోతే పాస్‌పోర్టు, కార్డు రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. కార్డు ఒక్కటే సరిపోదు, ఫోన్‌లో ఫోటో అసలే పనికిరాదు.

కార్డు ఇంకా రాలేదు, ఫిక్షన్ సర్టిఫికెట్ మీద ఉన్నాను. వెళ్లొచ్చా?

కార్డు వచ్చేదాకా తాత్కాలికంగా ఇచ్చే ఆ కాగితం జర్మనీ రెసిడెన్స్ చట్టంలో ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. 81వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద ఇచ్చిందైతే వెళ్లకండి. బయటికి వెళ్తే దాంతో మళ్లీ జర్మనీలోకి రానివ్వరు. నాలుగో ఉపసెక్షన్ కింద, అంటే ఉన్న వీసానో పర్మిటో గడువు తీరకముందే పొడిగింపుకు అప్లై చేస్తే ఇచ్చిందైతే, తిరిగి రావడానికి పనికొస్తుంది. అయినా విదేశీయుల ఆఫీసుకు ఒక మెయిల్ రాసి, వాళ్ల జవాబు ప్రింట్ తీసి వెంట పెట్టుకోండి. జవాబు రాకపోతే ట్రిప్ వాయిదా వేయండి. ప్రాగ్ ఎక్కడికీ పోదు. మీ రూమ్మేట్లకు కూడా ఈ మాట గట్టిగా చెప్పండి, "ఏం కాదులే రా" అని లాక్కెళ్లే వాళ్లు ప్రతి ఫ్లాట్‌లోనూ ఒకరుంటారు.

ఎంతమంది వెళ్తే బాగుంటుంది?

నలుగురు. హాస్టల్‌లో నాలుగు మంచాల గది మొత్తం మనకే దొరుకుతుంది, ఇద్దరిద్దరుగా విడిపోయినా ఎవరూ ఒంటరిగా మిగలరు. ఆరుగురు దాటితే భోజనానికి చోటు వెతకడంలోనే సాయంత్రం గడిచిపోతుంది.

ఒక రూమ్మేట్‌కు డబ్బు ఇబ్బందిగా ఉంది. వదిలేసి వెళ్లలేం, వాడు నోరు తెరిచి చెప్పడు. ఏం చేయాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చేది 992 యూరోలు (2025 లెక్క). అందులో అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలేది ఎంతో మనందరికీ తెలుసు. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇంకా దొరకని వాడికి, ఇంట్లో బ్యాంకు లోను మీద వచ్చిన వాడికి, వీకెండ్‌కు వంద యూరోలు చిన్న మాట కాదు.

ముందు ఊరు కాదు, మొత్తం ఖర్చు చెప్పండి. "ప్రాగ్ వెళ్దాం, వస్తావా?" అని అడిగితే మొహమాటానికి సరే అంటాడు. "బస్సు, బెడ్, తిండి అన్నీ కలిపి తలకు ఇంత అవుతుంది, వచ్చే నెల వెళ్దామా, ఆ పై నెల వెళ్దామా?" అని అడిగితే తన వీలు చెప్పే దారి ఉంటుంది. ఈ మాట నలుగురిలో కాకుండా, వంట చేసుకుంటున్నప్పుడో బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లినప్పుడో ఒక్కడితోనే మాట్లాడండి.

ఇంకో పద్ధతి మాకు పనికొచ్చింది. మాలో ఎవరికి అన్నిటికంటే తక్కువ వీలవుతుందో ఆ అంకెనే అందరి బడ్జెట్‌గా పెట్టుకున్నాం. దానికి మించి ఎవరైనా ఖర్చు పెట్టుకోవాలంటే సొంతంగా, ఎవరినీ పిలవకుండా పెట్టుకోవాలి. అప్పు ఇచ్చి తీసుకెళ్లడం మాత్రం వద్దు. ఒకే కిచెన్‌లో రోజూ మొహాలు చూసుకునే వాళ్ల మధ్య ఆ అప్పు చాలా బరువుగా ఉంటుంది. ఇవ్వాలనిపిస్తే అతని బస్సు టికెట్ పుట్టినరోజు కానుకగా ఇచ్చేయండి, మళ్లీ ఆ ఊసెత్తకండి.

ఏ నెలలో వెళ్లాలి?

ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చివర. చలికి తట్టుకోగలిగితే డిసెంబర్ మొదట్లో క్రిస్మస్ మార్కెట్లు ఉంటాయి, కానీ నాలుగింటికే చీకటి పడుతుంది, గదుల రేట్లు పెరుగుతాయి. పరీక్షకు ముందు వారం మాత్రం పెట్టుకోకండి. పరీక్ష ఉన్నవాడు సరదాగా ఉండలేడు, లేనివాడు అది అర్థం చేసుకోడు.

## టికెట్లు, గది

బస్సు మంచిదా, రైలు మంచిదా?

డబ్బు ముఖ్యమైతే బస్సు. ఫ్లిక్స్‌బస్ ప్రాగ్‌లో ఫ్లోరెంట్స్ బస్ స్టేషన్‌లో దింపుతుంది, అక్కడే మెట్రో ఉంది. ఒక్కసారైనా రైలులో వెళ్లాలని మాత్రం నా కోరిక. డ్రెస్డెన్ దాటగానే పట్టాలు ఎల్బే నది ఒడ్డునే సాగుతాయి. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే నది, అవతల కొండలు సరిహద్దు దాటాక కూడా చాలాసేపు కనిపిస్తూనే ఉంటాయి. గోదావరి మీద పాపికొండల మధ్య లాంచీలో వెళ్లిన వాళ్లకు అది గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చింది. తక్కువ ధర టికెట్లు మూడు నాలుగు వారాల ముందే కొనాలి. వాటిని తర్వాత మార్చుకోవడం చాలావరకు కుదరదు కాబట్టి నలుగురూ ఖాయమయ్యాకే కొనండి.

మన సెమిస్టర్ డాయిచ్‌లాండ్ టికెట్ మీద ప్రాగ్ దాకా వెళ్లొచ్చా?

వెళ్లలేం. అది జర్మనీలోని లోకల్, రీజనల్ రైళ్లకే. ప్రాగ్ వెళ్లే యూరోసిటీ రైళ్లలో జర్మనీ భాగంలో కూడా చెల్లదు. ఎస్1 లోకల్ రైలులో సరిహద్దు పక్కనున్న షోనా వరకు వెళ్లి, అక్కడి నుంచి చెక్ రైళ్లకు విడిగా టికెట్ కొనుక్కునే వాళ్లున్నారు. ఖర్చు కొంత తగ్గొచ్చు, కానీ రైళ్లు మారాలి, ఒకటి తప్పితే స్టేషన్‌లో కూర్చోవాలి. రెండు రోజుల ట్రిప్‌లో ఆ టైమ్ పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

హాస్టల్ బుక్ చేసేటప్పుడు ఏం చూడాలి?

ట్రామ్ స్టాపుకు ఐదు నిమిషాల దూరంలో ఉందా, సామాను ముందే పెట్టుకోనిస్తారా, కిచెన్ ఉందా. ఈ మూడు చూస్తే చాలు. ఓల్డ్ టౌన్ నడిబొడ్డున గది తీసుకోకండి, ధరా ఎక్కువ, రాత్రంతా తాగి అరిచే గుంపులూ ఎక్కువ. జిజ్కోవ్, వినోహ్రాడి, కర్లీన్ వైపు బాగుంటుంది. చెక్ ఇన్ అప్పుడు పాస్‌పోర్టు అడుగుతారు. సిటీ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి 50 కొరునాలు విడిగా తీసుకునే చోట్లు ఉన్నాయి, మోసం అనుకోవద్దు. ఆడపిల్లలు విడిగా ఉండాలనుకుంటే ఆడవాళ్ల డార్మ్ ఉన్న హాస్టళ్లు ఉన్నాయి. ఒక్కరే డార్మ్‌లో ఉండాల్సి వస్తే వాళ్ల ఇష్టం కనుక్కున్నాకే బుక్ చేయండి.

మొత్తం ఎంతవుతుంది?

శని, ఆదివారాలు, ఒక రాత్రికి నేను వేసుకునే లెక్క ఇది: రానుపోను బస్సు 35 యూరోలు, బెడ్ 25, తిండి 30, ట్రామ్, మెట్రో, టాయిలెట్లు కలిపి 15, ఏదైనా ఒకదాని ప్రవేశ టికెట్ 15 నుంచి 20. అంటే 120 నుంచి 125. ఇంకో 30 అత్యవసరానికి ఉంచుకోండి, అది ముట్టుకోకుండా తిరిగి రావాలి.

## ముందు రోజు రాత్రి

బ్యాగులో ఏం ఉండాలి?

పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, స్టూడెంట్ ఐడీ, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, రెండు బ్యాంకు కార్డులు ఉంటే రెండు వేర్వేరు చోట్ల, పవర్ బ్యాంక్, గొడుగు, నీళ్ల సీసా. బూట్లు మాత్రం అలవాటైనవే. ఊరంతా గుండ్రాళ్లు పరిచిన వీధులు, కొత్త బూట్లతో పగలంతా నడిస్తే సాయంత్రానికి మడమలు పుండవుతాయి.

ఒకసారి మా రూమ్మేట్ డ్రెస్డెన్ స్టేషన్‌కు వచ్చాక చూసుకుంటే పాస్‌పోర్టు పాత బ్యాగులో ఉండిపోయింది. ముగ్గురం వెళ్లిపోయాం, తను వెనక్కి వెళ్లి తర్వాతి బస్సుకు మళ్లీ డబ్బు కట్టి వచ్చింది. అప్పటి నుంచి ముందు రోజు రాత్రి డైనింగ్ టేబుల్ మీద నలుగురి పాస్‌పోర్టులు వరసగా పెట్టి, ఒకరివి ఒకరం చూస్తాం.

తిండి వండుకుని తీసుకెళ్లాలా? సిగ్గుగా ఉంటుందేమో.

సిగ్గెందుకు? పులిహోర ఒక రోజంతా పాడవదు, చల్లగా తిన్నా బాగుంటుంది. చపాతీల్లో కందిపొడి, నెయ్యి పెట్టి చుట్టుకుంటే బస్సులో వాసన రాదు, చేతులకు అంటదు. శనివారం మధ్యాహ్నం నది ఒడ్డున బల్ల మీద కూర్చుని తింటే ఒక పూట హోటల్ ఖర్చు తగ్గుతుంది. ఆవకాయ సీసా మాత్రం వద్దు. నూనె కారితే బట్టలన్నీ పోతాయి. చిన్న డబ్బాలో రెండు ముక్కలు చాలు.

ఇంట్లో చెప్పాలా? చెప్తే అమ్మ టెన్షన్ పడుతుంది.

చెప్పండి. ఫోటోలు ఎలాగూ కనబడతాయి. హాస్టల్ పేరు, ఎవరెవరు వెళ్తున్నారు, ఆదివారం ఎన్నింటికి ఇంటికి చేరతారు, ఈ మూడూ వాట్సాప్‌లో పెట్టండి. ఇండియాలో మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటారు. మన రాత్రి పదింటికి ఇంట్లో అర్ధరాత్రి దాటిపోతుంది. అందుకే "చేరాను" అనే మెసేజ్ కోసం వాళ్లను కూర్చోబెట్టకుండా, సాయంత్రం బస్సు ఎక్కగానే ఒక ఫోన్ చేసేయండి.

## ప్రాగ్‌లో

అక్కడ యూరోలు తీసుకుంటారా?

వాళ్ల డబ్బు చెక్ కొరునా. ఒక యూరోకు సుమారు 25 అనుకుంటే లెక్క తేలిక. యూరోలు తీసుకునే దుకాణాలు ఉన్నాయి, కానీ రేటు వాళ్లిష్టం. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. మెషిన్ "యూరోల్లో కట్టాలా, కొరునాల్లో కట్టాలా" అని అడిగితే ఎప్పుడూ కొరునాలే ఎంచుకోండి, యూరోలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది. ఏటీఎంలోనూ అంతే. వీధిలో దగ్గరికొచ్చి డబ్బు మారుస్తామనే వాళ్లతో మాట్లాడకుండా నడిచిపోండి. ఎక్స్‌చేంజ్ ఆఫీసులో తక్కువ రేటుకు మార్చేశామని వెంటనే తెలిస్తే, మూడు గంటల లోపు రసీదుతో వెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. 2019 నుంచి అక్కడి చట్టంలో ఆ హక్కు ఉంది.

ట్రామ్, మెట్రో టికెట్ ఎలా?

ఒకే టికెట్ మెట్రోకు, ట్రామ్‌కు, బస్సుకు చెల్లుతుంది. 30 నిమిషాలు, 90 నిమిషాలు, 24 గంటలు, 72 గంటలు అని ఉంటాయి. 24 గంటలది తీసుకుంటే శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం వరకు సరిపోతుంది. కాగితం టికెట్‌ను మొదటిసారి ఎక్కేటప్పుడు పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. కొన్నా ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, మామూలు బట్టల్లో ఉండే చెకింగ్ వాళ్లు జరిమానా వేస్తారు. నలుగురిలో ఒకరు మర్చిపోవడం ఖాయం, కాబట్టి ముద్రలు చూసే పని ఒకరికి అప్పగించండి.

రెండు రోజుల్లో ఏం చూడొచ్చు?

శనివారం మధ్యాహ్నం ఓల్డ్ టౌన్ స్క్వేర్. అక్కడి ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టినప్పుడు పైన చిన్న కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు వరసగా కదులుతాయి. అది నిమిషం లోపే అయిపోతుంది. అంతకంటే దాని పలక మీద సూర్యుడు, చంద్రుడు, పన్నెండు రాశులు ఎలా తిరుగుతాయో తీరిగ్గా చూడండి. మన పంచాంగం తెలిసిన వాళ్లకు అది ఇంకా నచ్చుతుంది. సాయంత్రం గుట్ట మీదున్న లెట్నా పార్కు ఎక్కితే వంతెనలన్నీ ఒక వరసలో కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు.

ఆదివారం పొద్దున్నే, ఆరింటికి, చార్ల్స్ బ్రిడ్జి. కష్టమనిపించినా లేవండి. పదింటికి అక్కడ కాలు పెట్టే చోటుండదు, ఆరింటికి నది మీద మంచు, ముప్పై విగ్రహాలు, మనం. నాలుగో చార్ల్స్ రాజు దీనికి 1357లో శంకుస్థాపన చేశాడు. ఏడో నెల తొమ్మిదో తేదీ ఉదయం 5 గంటల 31 నిమిషాలకు ముహూర్తం పెట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, టైమ్ వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1, ఎటు నుంచి చదివినా ఒకటే. రాజు జ్యోతిష్కుల మాట విన్నాడని చెబుతారు. మా నాన్నకు ఫోన్‌లో ఇది చెప్తే పొంగిపోయాడు, తాజ్‌మహల్ గురించి చెప్పినా అంత సంతోషించడేమో.

తర్వాత 22వ నంబరు ట్రామ్ ఎక్కి ప్రాగ్ కోట. ఆవరణలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. సెయింట్ వైటస్ చర్చి కట్టడం 1344లో మొదలై 1929లో ముగిసింది. ఆదివారం పొద్దున అక్కడ ప్రార్థనలు ఉంటాయి, చూడ్డానికి వచ్చిన వాళ్లను మధ్యాహ్నం నుంచే పంపుతారు. ఇది తెలియక వెళ్లి గేటు దగ్గర రెండు గంటలు కూర్చున్న వాళ్లు చాలామంది. లోపల చూడాలనుంటే శనివారమే కోటకు వెళ్లి, గడియారం ఆదివారానికి పెట్టుకోండి.

నేను శనివారం నాన్‌వెజ్ తినను, ఒకరు పూర్తి వెజ్, ఒకరు బీఫ్ తినరు. ఎలా?

కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. హొవియెజీ అంటే ఎద్దు మాంసం, వెప్‌ర్జొవే అంటే పంది, కుర్జే అంటే కోడి, బెజ్ మసా అంటే మాంసం లేకుండా. గులాష్, స్వీచ్కొవా చాలావరకు ఎద్దు మాంసంతోనే చేస్తారు. వెజ్ వాళ్లకు ఏ సాదా హోటల్లోనైనా దొరికేది స్మజెనీ సీర్, అంటే పిండిలో ముంచి వేయించిన చీజ్ ముక్క, బంగాళాదుంపలతో. రెండు పూటలా అదే తింటే కడుపు బరువెక్కుతుంది, కాబట్టి సూపర్‌మార్కెట్‌లో పెరుగు, పళ్లు, బ్రెడ్ కొనుక్కోండి. జర్మనీలోలా కాదు, అక్కడ మామూలు ఆదివారాల్లోనూ దుకాణాలు తెరిచే ఉంటాయి. టేబుల్ మీద పెట్టిన బ్రెడ్ ఉచితం అనుకోవద్దు, తిన్న ముక్కలకు బిల్లు వేసే హోటళ్లు ఉన్నాయి. శనివారం ఉపవాసం ఉండేవాళ్లు నీరసపడకుండా అరటిపళ్లు, ఖర్జూరాలు వెంట పెట్టుకోవాలి.

ఒకరికి అన్నీ చూడాలని, ఒకరికి కూర్చోవాలని. గొడవ రాకుండా ఎలా?

ప్రతివాళ్లూ తప్పకుండా చూడాలనుకునేది ఒక్కటే చెప్పాలి, బయలుదేరే ముందే. ఆ నాలుగింటికీ అందరూ కలిసి వెళ్తారు. మిగతా సమయంలో ఎవరిష్టం వాళ్లది. "రెండు నుంచి ఐదు దాకా విడివిడిగా, ఐదింటికి ఫలానా విగ్రహం కింద" అని పెట్టుకుంటే ఎవరూ ఎవరికోసం కాళ్లీడ్చుకుంటూ నడవక్కర్లేదు. మా మూడో ట్రిప్‌లో ఒకమ్మాయి ఆ మూడు గంటలూ హాస్టల్లో నిద్రపోయింది. నైట్ షిఫ్ట్ చేసి నేరుగా వచ్చింది పాపం. ఐదింటికి మొహం కడుక్కుని నవ్వుతూ వచ్చింది, ఆ సాయంత్రం మా అందరి కంటే ఎక్కువ నడిచింది కూడా తనే.

ఫోటోల విషయం కూడా ముందే అనుకోండి. ఎవరి ఫోటోనైనా వాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టకూడదు. ఇంట్లో చెప్పని వాళ్లు ఉంటారు, గ్లాసు పక్కన కూర్చున్నందుకే ఊళ్లో మాట పడేవాళ్లు ఉంటారు.

జర్మనీ సిమ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. 2017 జూన్ నుంచి ఈయూ దేశాల్లో రోమింగ్‌కు అదనపు చార్జీ లేదు.

## ఏదైనా తేడా వస్తే

ఒంట్లో బాగోలేకపోతే?

జర్మనీ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనక్కి తిప్పితే యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది. అత్యవసరమైతే చెక్‌లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది చూపించాలి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ వాళ్లు తమ పాలసీలో బయటి దేశాలు కవర్ అవుతాయో లేదో వెళ్లేముందే చూసుకోవాలి. అత్యవసర నంబరు 112, అంబులెన్స్‌కు 155.

పర్సు కొట్టేస్తే? పాస్‌పోర్టు పోతే?

గడియారం కింద గుంపు, చార్ల్స్ బ్రిడ్జి, 22వ ట్రామ్, ఈ మూడు చోట్ల బ్యాగు ముందుకు వేసుకోండి. కార్డు పోతే వెంటనే ప్లస్ 49 116 116కు ఫోన్ చేస్తే చాలా జర్మనీ బ్యాంకుల కార్డులు ఆపించొచ్చు. పాస్‌పోర్టు పోతే మొదట పోలీసుల దగ్గర (158) రిపోర్టు రాయించుకుని కాపీ తీసుకోండి, తర్వాత ప్రాగ్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియా తిరిగి వెళ్లడానికి ఇచ్చేది, జర్మనీలో చదువు కొనసాగించాలంటే కొత్త పాస్‌పోర్టు కావాలి. ఆ మాట కార్యాలయంలో మొదటే చెప్పండి. ఆ రోజు ఒక రూమ్మేట్ ఆ మనిషితో ఆగిపోవాలి. మిగతా ఇద్దరు వెళ్లి, సోమవారం ప్రొఫెసర్‌కు, పని చేసే చోట చెప్పాలి.

రైలు ఆలస్యమైతే డబ్బు వస్తుందా?

గంట దాటితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగొచ్చు. అసలు కారణం రైల్వే చేతిలో లేని పెద్ద విపత్తైతే రాకపోవచ్చు. టికెట్ పారేయకండి.

## తిరిగొచ్చేటప్పుడు, వచ్చాక

సరిహద్దులో పోలీసులు ఆపుతారా?

ఆపొచ్చు. 2024 సెప్టెంబర్‌లో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది, చెక్ సరిహద్దు మీద అంతకు ముందు నుంచే ఉన్నాయి. బస్సు పక్కకు ఆపి లోపలికి వస్తారు, రైల్లో అయితే బోగీల్లో తిరుగుతారు. పాస్‌పోర్టు, కార్డు చేతికివ్వండి, ఏం చదువుతున్నారని అడిగితే చెప్పండి. నన్ను మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ రెండు నిమిషాల్లో అయిపోయింది. దీనివల్ల బస్సు ఆలస్యమవుతుంది కాబట్టి ఆదివారం చివరి బస్సు కాకుండా దానికి ముందుది పట్టుకోండి.

లెక్కలు ఎప్పుడు చూసుకోవాలి?

తిరుగు బస్సులోనే. ఒకరు మొదటి నుంచీ ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాస్తుండాలి, కొరునాలు కొరునాలుగానే. ఎవరు ఏం తినలేదో, ఎవరు కోట టికెట్ కొనలేదో అప్పుడైతే అందరికీ గుర్తుంటుంది. ఒక వారం పోనిస్తే "ఆ కాఫీ నేను తాగలేదు" అనే మాట మొదలవుతుంది. యూరో లోపు తేడాలు వదిలేయండి. ఎవరికైనా ఈ నెల ఇవ్వడం కుదరకపోతే తేదీ చెప్పనివ్వండి, ఆ తేదీ దాకా అడగకండి.

ఇంటికి రాగానే ఏం చేయాలి?

పాస్‌పోర్టు దాని చోట పెట్టేయండి. బట్టలు మర్నాడు ఉతకొచ్చు. ఆ రాత్రి ఎవరికీ వండే ఓపిక ఉండదు, అందుకే శనివారం బయలుదేరే ముందే పప్పు చేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే, వచ్చి అన్నం ఒక్కటి పెట్టుకుంటే చాలు.